పూడ్చిన గెడ

పోలేరయ్య బతికి ఉండగానే మొనకుప్పం అతనికి కర్మ చేసింది. ఒకరు ఔనని, ఇంకొకరు కాదని వాదించుకునే సంగతి కాదిది. జరిగింది. పంతొమ్మిది వందల అరవై అయిదో సంవత్సరం, మహాలయ అమావాస్య నాడు, పొద్దు బారెడెక్కకముందే అతని పడవ గెడను అతని పంచెలో చుట్టి, సముద్రపు ఒడ్డున గుంట తీసి పూడ్చారు. అతని పెళ్లాం చేతి గాజులు పగలగొట్టారు. అప్పటికి యుద్ధం ఆగి రెండు రోజులైంది. ఆ పొద్దున పోలేరయ్య పంజాబులో ఒక చెరుకుతోట గట్టున కూర్చుని రెండు రొట్టెలు, ఒక ఎర్రగడ్డ తిన్నాడు. ఆకలి తీరలేదని ఇంకో రొట్టె అడిగి తిట్టు తిన్నాడు.

ఊళ్లో తాను చచ్చిన సంగతి అతనికి పదమూడు రోజుల తర్వాత తెలిసింది.

ఆ రోజు తెల్లారినప్పటి నుంచి తవ్వకమే. తుపాకులు ఆగినా పారలు ఆగలేదు. ఎవరి గీత మీద వాళ్లు నిలబడి, రేపు మళ్లీ మొదలైతే ఏం చేయాలా అని చూసుకుంటున్నారు. పోలేరయ్య ఉన్నది తవ్వకం పనుల కంపెనీ. ముందు వరస వాళ్లు దాక్కునే కందకాలు, లారీలు నడిచే బాటలు, ఇంకా అడిగితే శవాలకు గుంటలు, అన్నీ వీళ్లే తవ్వాలి. మనిషికి రోజుకు ఇంత కొలత అని తాడు వేసి ఇస్తారు. ఇసకలో పుట్టినవాడికి ఆ నేల పగతో చేసినట్టుంది. పార వేస్తే ఎగిరి మోకాలికి తగిలేది. అరచేతుల్లో బొబ్బలు చితికి పార కర్రకు అంటుకునేవి.

రేషను లారీలో తపాలా సంచి వచ్చింది. గుమాస్తా నంబర్లు చదువుతూ కవర్లు విసురుతున్నాడు. పోలేరయ్య తల ఎత్తలేదు. తనకు ఉత్తరం వచ్చే దారిని తనే మూసేసుకుని ఎనభై రోజులైంది. గుమాస్తా అతని నంబరు రెండుసార్లు చదివాడు. మూడోసారి తిట్టాడు.

కవరు మీద అక్షరాలు రెబెక్కమ్మ టీచరువని పోల్చుకున్నాడు. మొనకుప్పంలో మిషను వాళ్ల తాటాకు బడి ఆమెది. ఊరి ఉత్తరాలన్నీ ఆమె చేతి రాతే. పోలేరయ్య ఆ బడిలోనే రెండో తరగతి వరకు చదివాడు. తర్వాత తండ్రిని సముద్రం తీసుకుంది, వీడు వల తీసుకున్నాడు. పెద్దక్షరాలు కూడబలుక్కుని చదవగలడు. గొలుసు రాత చదవలేడు. నాలుగు మాటలు కూర్చి రాయలేడు. పటాలంలో హిందీని ఇంగ్లీషు అక్షరాల్లో రాయడం నేర్పారు. ఆ రాత ఇంటికి పనికిరాదు.

కంపెనీ మొత్తంలో తెలుగువాళ్లు ఇద్దరే. తను, బోగోలు హెబ్రోను. మిగతా అందరూ అరవవాళ్లు, మలయాళం వాళ్లు. హెబ్రోనుతో మాట్లాడి ఎనభై రోజులు.

మధ్యాహ్నం విజిలు ఊదేదాకా కవరు చొక్కాలోనే ఉంది, చెమటకు తడిసింది. తర్వాత హెబ్రోను కూర్చున్న చోటికి వెళ్లి, ఎదురుగా నిలబడి కవరు చాచాడు. హెబ్రోను తిండి తట్ట కింద పెట్టి చేయి ప్యాంటుకు తుడుచుకున్నాడు.

"కూర్చో" అన్నాడు.

"నిలబడే వింటా. చదువు."

"ఈడ ఎవురికీ అర్థం కాదులే. కూర్చో పోలేరన్నా."

పోలేరయ్య కూర్చోలేదు. హెబ్రోను చదివాడు.

"పోలేరయ్యకు రెబెక్కమ్మ రాయునది. నువ్వు ఉన్నావో లేవో తెలియకుండానే రాస్తున్నాను. ఉంటే ఈ కవరు అందిన రోజే జవాబు పంపు. నీ దగ్గర నుంచి రెండున్నర నెలలుగా జాబు లేదు. నువ్వు పోయావని పెద్దలు నిశ్చయించి, మొన్న అమావాస్య నాడు నీ గెడ పూడ్చారు. నాగులమ్మ ఒప్పుకోలేదు. ఆమెను నలుగురు ఆడవాళ్లు పట్టుకోవలసి వచ్చింది. ఇప్పుడు ఊరి చివర మైల గుడిసెలో ఉంచారు. ఆమెకు ఏడో నెల..."

హెబ్రోను ఆగాడు. పక్కన అరవవాళ్లు పప్పు నీళ్లలా ఉందని వంటవాణ్ణి ఆట పట్టిస్తున్నారు. ఎవడో నవ్వాడు.

"ఆపబాక" అన్నాడు పోలేరయ్య.

"అయిపోయింది. ప్రభువు నిన్ను కాపాడాలని రాసింది. అంతే."

పోలేరయ్య కవరు తీసుకుని మడిచి, విప్పి, మళ్లీ మడిచాడు. అప్పుడు కూర్చున్నాడు.

*

అతను నమ్మకపోవడానికి ఏమీ లేదు. ఆ కట్టడి అతనికి తెలుసు. నీళ్ల మీద పోయినవాడు రెండు అమావాస్యలు దాటినా రాకపోతే పోయినట్టే. శవం దొరకదు గనక అతని గెడే శవం. ప్రతి మగవాడికీ పడవ నడిపే వెదురు గెడ ఒకటి ఉంటుంది. పెళ్లినాడు మామ ఇస్తాడు. మూరలు లెక్కపెట్టి అతని ఎత్తుకు రెండింతలు కోస్తారు. తండ్రి గెడను పూడ్చినప్పుడు పోలేరయ్యకు తొమ్మిదేళ్లు. మన్ను వేసింది అతనే.

నీళ్ల మీద పోయినవాడికి పెట్టిన ఆ లెక్క యుద్ధానికి పోయినవాడికి ఎలా పట్టింది? దానికి కారణాలు రెండు.

ఒకటి డబ్బు. పోలేరయ్య జీతంలో నెలకు ముప్పై రూపాయలు ఇంటికి మనియార్డరు చేసేవాడు. ఫారం కింద ముక్క మీద హెబ్రోను చేత రెండు మాటలు రాయించేవాడు. "నేను క్షేమం. అమ్మకు పొగాకు కొనిపెట్టు." ఆగస్టులో కంపెనీ సరిహద్దుకు కదిలింది. డబ్బు ఇక ఆఫీసు నుంచే నేరుగా ఇళ్లకు పోతుందని చెప్పి అందరిచేతా సంతకాలు పెట్టించుకున్నారు. ఆ నెల మొనకుప్పానికి వచ్చిన ఫారం మీద అచ్చు అక్షరాలు, ఆఫీసు ముద్ర. మాట లేదు. వెనకటికి చైనా యుద్ధంలో పోయిన కుర్రవాడి తల్లి కామాక్షమ్మకు చిట్టమూరు దగ్గర పల్లెలో అచ్చం అలాంటి ముద్రతోనే నెలనెలా డబ్బు వస్తుంది. ఊరు ఆ ముద్రను గుర్తుపట్టింది. చచ్చినవాడి డబ్బు.

"డబ్బు వచ్చిందంటే పంపినోడు ఉండాడనే గదా!" అని నాగులమ్మ మొత్తుకుంది.

"కామాక్షమ్మకీ వస్తా ఉండాది. పంపేది వాళ్లబ్బాయా?" అన్నాడు ఊరి పెద్ద గంగులయ్య.

రెండోది వంతు. మొనకుప్పానికి ఒక పక్క సముద్రం, ఇంకో పక్క ఉప్పునీటి సరస్సు. ఆ సరస్సులో రొయ్యలు నడిచే దారుల్లో వల కట్టడానికి ఊరికి నలభై రెండు వంతులు ఉన్నాయి. నలభై మూడోది లేదు. ఎవడైనా పోతే తప్ప కొత్తగా పెళ్లయినవాడికి వంతు రాదు. పోలేరయ్య వంతును చిన్ననాటి నేస్తం మస్తానయ్య నడిపి సగం రాబడి పోలేరయ్య తల్లికి ఇచ్చేవాడు. రొయ్యలు వీశ అర్ధరూపాయికి అమ్మిన రోజుల్లో ఆ వంతును ఎవరూ పట్టించుకోలేదు. ఐసు పెట్టెలు వేసుకుని మద్రాసు వర్తకులు వచ్చారు. వీశ రూపాయిన్నర అయింది. గంగులయ్య అల్లుడికి పెళ్లయి ఏడాది దాటినా వంతు లేదు. అందుకే గంగులయ్యకు అమావాస్యల లెక్క బాగా గుర్తొచ్చింది.

ఈ రెండూ ఊరి తప్పులు. మూడోది ఒకటి ఉంది. అది ఊరికి తెలియదు.

మార్చిలో పోలేరయ్య సెలవుకు ఇంటికి పోయి వచ్చాడు. జూలైలో నాగులమ్మ ఉత్తరం వచ్చింది. తనకు నాలుగో నెల అని రాయించింది. "ఏం తిన్నా కడుపులో నిలవడం లేదు. కాల్చిన ఉప్పుచేప మీదికే మనసు పోతా ఉంది. మీ అమ్మ కసురుకుంటా కాల్చి పెడతా ఉంది. నీ గెడకు చేపనూనె రాసి చూరులో పెట్టినాను. పురుగు పట్టనీను. బిడ్డ పుట్టేటప్పటికి వచ్చేయి" అని ఉంది. హెబ్రోను అది చదివి, పోలేరయ్య ముఖంలో వెలుగు చూసి, సంతోషం పట్టలేక బారకంతా వినేలా అరవంలో చెప్పాడు. చెప్పి ఊరుకోలేదు. నడుం మీద చేయి పెట్టుకుని, ఆడగొంతుతో, నాగులమ్మలా మూలిగి చూపించాడు. అందరూ విరగబడి నవ్వారు. ఆ రోజు నుంచి పోలేరయ్య పేరు కరవాడు. ఎండుచేప. తిండి దగ్గర వరసలో నిలబడితే "కరవాడుకు కరవాడు వెయ్యండ్రా" అని కేక. నిద్రలేస్తే మంచం మీద చేప ఎముక.

మూడో రోజు పోలేరయ్య ఇత్తడి గ్లాసుతో హెబ్రోను నుదురు పగలగొట్టాడు. ఏడు రోజులు శిక్ష పడింది.

"నా ఆడమనిషి మాట ఇంక నీ నోట రానియ్యను. నీ చేత్తో నా జాబు రాయించేదుంటే ఆ చెయ్యి పడిపోనీ" అన్నాడు.

"తమాషాకి చేసినాను పోలేరన్నా. తప్పే. కొట్టినావు గదా, చాలదా?"

చాలలేదు. హెబ్రోను రెండుసార్లు కార్డు పట్టుకుని వచ్చాడు. రెండుసార్లూ పోలేరయ్య అవతలికి తిరిగి పడుకున్నాడు. వచ్చిన ఉత్తరాలను చదివించుకోకుండా పెట్టె అడుగున పడేశాడు. అవి రెండు. తర్వాత రాలేదు. యుద్ధకాలంలో సిపాయిలకు కార్డులు ఊరికే ఇస్తారు, తపాలా బిళ్ల కూడా అక్కర్లేదు. ఖాళీ కార్డు మీద ఊరి పేరు గీకి డబ్బాలో వేసినా రెబెక్కమ్మకు తెలిసిపోయేది. మొనకుప్పం అని రాయడం అతనికి వచ్చు. రాయలేదు.

పంజాబు నేల మీద, అక్టోబరు ఎండలో, కవరు చేతిలో పట్టుకుని కూర్చున్న పోలేరయ్యకు ఇదంతా ఒకేసారి కనిపించింది.

"ఆ పాత జాబులు తేనా?" అన్నాడు.

"తే" అన్నాడు హెబ్రోను.

మొదటిదాంట్లో నాగులమ్మ బిడ్డ కదులుతున్నదని రాయించింది. రెండోదాంట్లో ఒకటే మాట. "కోపమొచ్చిందా? నేనేం తప్పు చేసినాను?"

*

సుబేదారు గుడారం ముందు సాయంత్రం దాకా నిలబడ్డాడు. సుబేదారు తలనెరిసిన మనిషి. బల్ల మీద సెలవు అర్జీలు కట్టలు కట్టి ఉన్నాయి.

"సెలవులు మూసేశారు. తెలుసు కదా?"

"తెలుసు సాబ్."

"ప్రతివాడికీ ఇంట్లో చావే. వీడికి తల్లి, వాడికి అత్త. ఒకడికి నిరుడు చచ్చిన తాత మళ్లీ చచ్చాడు. నీకు చచ్చిందెవరు?"

"నేనే సాబ్."

సుబేదారు నవ్వాడు. పోలేరయ్య నవ్వకపోవడం చూసి ఆపాడు. తనకొచ్చిన హిందీలో పోలేరయ్య చెప్పుకున్నాడు. సగం చెప్పేసరికి మాటలు అయిపోయాయి. సుబేదారు అర్జీ మీద ఏదో రాసి కట్టలో కింద పెట్టాడు.

"తంతి ఇప్పిస్తాను. బతికున్నావని. అంతవరకే నా చేతిలో ఉంది."

తంతి వెళ్లింది. వెనకే హెబ్రోను రాసిన ఉత్తరం వెళ్లింది. నాలుగు పేజీలు. పోలేరయ్య అడుగున తన పేరు పెద్దక్షరాలతో రాసి, బొటనవేలికి మసి పూసి పక్కన ముద్ర వేశాడు. పేరు ఎవడైనా రాయగలడు, వేలు తనదే కదా అనుకున్నాడు.

జవాబు నవంబరు పదో తేదీ తర్వాత వచ్చింది. రెబెక్కమ్మ తంతిని, ఉత్తరాన్ని పెద్దల ముందు చదివింది. గంగులయ్య విని, వేలిముద్ర చూసి, అందరూ వినేలా తీర్పు చెప్పాడు. ఆ తీర్పును ఆమె ఉన్నది ఉన్నట్టు రాసింది.

"కాయితం మనిషి కాదు. వెనక పద్మనాభయ్య పడవ మునిగినప్పుడు వాళ్ల బామ్మర్ది మద్రాసు నుంచి కార్డు రాయించినాడు, బతికుండాడని. ఎందుకు? వంతు పోకుండా. మూడేండ్లు మనం నమ్మి కూర్చున్నాము. బతికుండేవాడైతే వచ్చి మన ముందర నిలబడమనండి. అప్పుడు దురాయి ఎత్తేస్తాం. అందాకా గెడ గెడే, మైల మైలే."

పెద్దలు వేసే కట్టడిని ఆ ఊళ్లలో దురాయి అంటారు. దాన్ని మీరినవాడికి ఇంటి నిప్పు, పడవ సాయం, శవం మోసే భుజం దొరకవు. మొగుడు పోయిన ఆడది మూడు నెలలు మైల గుడిసెలో ఉండాలి. పడవ ఎక్కకూడదు. ఊరి పొలిమేర దాటకూడదు. ఆమెను ఎక్కించుకున్న పడవవాడి వంతు ఏడాది పాటు పోతుంది. అప్పటికి నాగులమ్మకు ఎనిమిది నిండాయి. వానలు మొదలయ్యాయి. గుడిసె కురుస్తోంది. కాళ్లు వాచాయి, ముఖం వాచింది. నెల్లూరు ఆస్పత్రికి తీసుకుపోవాలి, పడవ ఎవరూ తీయడం లేదు అని టీచరు రాసింది.

ఊరు అంటుంది, మనిషి రావాలి. పటాలం అంటుంది, మనిషి కదలకూడదు. రెండూ కట్టడులే. రెండింటి మధ్య ఒక ఆడది వాచిపోతోంది.

పోలేరయ్య పారిపోదామనుకున్నాడు. హెబ్రోను అతని చేయి పట్టుకున్నాడు.

"పట్టుకుంటే కోర్టు. జైలు. అప్పుడు ఊరికి యాడ నుంచి పోతావు? గోడలో నుంచా?"

"ఇంక ఏం చెయ్యమంటావు?"

"తవ్వు. ఇంకేం చేస్తావు."

తవ్వాడు. రోజు కొలత మధ్యాహ్నానికే అయిపోతే పక్కవాడి కొలత కూడా తవ్వాడు. అరవవాళ్లు కరవాడు అనడం మానేశారు. ఎవరు చెప్పారో, అందరికీ తెలిసింది. ఒక ముసలి నాయక్ తన వాటా బెల్లం ముక్క తెచ్చి అతని తట్టలో పెట్టి వెళ్లాడు. అది అలాగే చీమలు పట్టింది.

నవంబరు ఆఖరులో సెలవులు తెరిచారు. కంపెనీకి వారానికి ముగ్గురు. జాబితాలో హెబ్రోను రెండోవాడు, పోలేరయ్య పంతొమ్మిదోవాడు. హెబ్రోను సుబేదారు దగ్గరికి పోయి తన పేరు కొట్టించి ఆ చోట పోలేరయ్య పేరు వేయించాడు. హెబ్రోనుకు బోగోల్లో తల్లి ఉంది. మగ్దలీనమ్మ. కొడుకును చూసి రెండేళ్లయింది.

"ఇరవై దినాలు. రైలు మూడు దినాలు పోను, మూడు దినాలు రాను" అన్నాడు, కాగితం చేతిలో పెడుతూ. పోలేరయ్య అతని నుదుటి మీది మచ్చ వంక చూశాడు. అనవలసింది ఆ రోజు అనేస్తే బాగుండేది.

*

నాయుడుపేటలో రైలు దిగి, బస్సు పట్టుకుని, బస్సు ఆగిన చోటి నుంచి నడిచి సరస్సు గట్టుకు వచ్చేసరికి మధ్యాహ్నం రెండయింది. అవతలి గట్టున మొనకుప్పం తాటిచెట్లు కనిపిస్తున్నాయి. రేవులో ఒకే పడవ ఉంది. మస్తానయ్య గట్టు మీద కూర్చుని చిరిగిన వల అల్లుతున్నాడు. పోలేరయ్య వంతు నడిపినవాడు, చిన్నప్పటి నుంచి ఒకే పడవలో పెరిగినవాడు. మనిషి అలికిడికి తల ఎత్తాడు. వల చేతిలోంచి జారింది. లేచి రెండడుగులు వెనక్కి వేశాడు.

"నువ్వు... పోలేరయ్యవేనా?"

"నేనే. పడవ ఇప్పు."

మస్తానయ్య కదల్లేదు. పోలేరయ్య నీడ నేల మీద పడిందా లేదా అని చూశాడు. పడింది. అప్పుడు రెండు చేతులూ తల మీద పెట్టుకుని కూలబడ్డాడు.

"నాలుగు దినాలు ముందు రాకూడదా రా! నాలుగు దినాలు!"

పోలేరయ్య పెట్టె కింద పెట్టాడు.

"చెప్పు."

"శుక్రారం నొప్పులు వచ్చినాయి. మంత్రసాని పెంచలమ్మ గుడిసె వాకిట్లోనే నిలబడింది, మైల మనిషిని ముట్టుకుంటే రేపు ఇంకోరి కాన్పుకి పోనియ్యరని. టీచరమ్మ ఒక్కతే లోపల. రెండు దినాలు. బిడ్డ అడ్డం తిరిగింది. టీచరమ్మ పరిగెత్తుకుంటా నా కాడికి వచ్చింది. పడవ తీయి మస్తానయ్యా, నీ కాళ్లు మొక్కుతా అన్నది. ఆమె నా కాళ్లు పట్టుకున్నది రా."

"నువ్వు?"

"నలుగురు బిడ్డలు నాకు. వంతు పోతే..."

బిడ్డ బయటికి రాకుండానే పోయింది. వెనకే తల్లి.

"పడవ ఇప్పు" అన్నాడు పోలేరయ్య మళ్లీ.

మస్తానయ్య తాడు దగ్గరికి పోయాడు. ముడి మీద చేయి వేశాడు. ఊరి వంక చూశాడు. "చచ్చినోణ్ని... నిన్ను ఎక్కించుకోమని పెద్దాయన ఇంకా చెప్పలేదు రా. అడిగొస్తా. ఉండు. ఒక్క గడియలో అడిగొస్తా" అన్నాడు. ఏడుస్తున్నాడు. చేయి మాత్రం ముడి విప్పలేదు.

పోలేరయ్య పెట్టె నెత్తిన పెట్టుకుని నీళ్లలో దిగాడు. వానలకు సరస్సు నిండి ఉంది. మోకాలు, నడుం, గుండె. బూట్లు బురదలో కూరుకుపోతుంటే లాక్కుంటూ నడిచాడు. మైలు దూరం. మధ్యలో వలలు కట్టిన గుంజలు వచ్చాయి. అది తన వంతు చోటు. వల కొత్తది, నల్లగా తారు పూసి ఉంది. ఆ గుంజను పట్టుకుని ఊపిరి తీసుకుని మళ్లీ నడిచాడు.

ఒడ్డున ఊరంతా నిలబడి ఉంది. ఆడవాళ్లు పిల్లల్ని వెనక్కి లాక్కున్నారు. నీళ్లు కారుతూ వచ్చిన మనిషికి వాళ్లే దారి ఇచ్చారు. అతను ఎవరి ముఖమూ చూడకుండా ఊరు దాటి సముద్రపు వైపు నడిచాడు.

తన మట్టి దిబ్బ వాన దెబ్బకు అణిగిపోయింది. పన్నెండు అడుగుల పొడుగు, సన్నగా. పక్కనే కొత్తది, పొట్టిది. మొగుడి పక్కన పెళ్లాన్ని పెట్టారు. ఊరు పద్ధతి తప్పలేదు.

రెండింటి మధ్య కాస్త చోటు ఉంది. అక్కడ కూర్చున్నాడు. తల్లి ముసలమ్మ వచ్చి, ముట్టుకోవడానికి భయపడి, మూరెడు దూరంలో కూలబడింది.

"నేనే పగలగొట్టినాను నాయనా గాజులు. వేరేవోళ్లు మోటుగా చేస్తారని నా చేత్తో నేనే... మీ నాయన పోయినాడంటే నమ్మకుండా నేను ఏడాది ఎదురుచూసినాను. ఆ ఎదురుచూపు దానికొద్దనుకున్నా. తొందరగా ఏడ్చేస్తే తొందరగా మరిచిపోతాదనుకున్నా."

పోలేరయ్య ఆమె వైపు తిరగలేదు.

కాసేపటికి పెద్దలు వచ్చారు. ముందు గంగులయ్య. చేతిలో కొత్త వెదురు గెడ. పచ్చిది, పసుపు రాసి ఉంది. వెనక రెబెక్కమ్మ టీచరు దూరంగా నిలబడింది. ఆమె కళ్లు ఎవరినీ క్షమించేలా లేవు.

గంగులయ్య చెడ్డవాడిలా మాట్లాడలేదు. గొంతు మెత్తగా ఉంది.

"అబ్బయ్యా, జరగకూడనిది జరిగింది. అమ్మతోడు, నాకూ తిండి దిగలా. దీనికి దారి ఉండాది. మా తాత కాలంలో ఒకడు ఇట్టనే తిరిగొచ్చినాడు. పాత గెడ తవ్వి తీసి కాల్చి, నీకు మళ్లీ పురుడు పోసినట్టు నీళ్లు పోసి, కొత్త పేరు పెట్టి, కొత్త గెడ చేతికిస్తాము. ఖర్చు ఊరిది. వంతు కూడా మా అల్లుడి కాణ్నించి తీసి నీకిస్తా, పదిమంది ముందర చెప్తా ఉండా. ఏడాది తిరిగినాక పిల్లని కూడా మేమే చూస్తాం. లే. గెడ పట్టుకో."

సముద్రం తన పని తాను చేసుకుంటోంది.

"మామా, నేను తంతి కొట్టించినాను. వేలిముద్ర వేసినాను" అన్నాడు పోలేరయ్య.

"వేసినావు. కాదనలా. అది కర్మ అయినాక గదా. దానికి ముందర? ఊరు నిన్ను ఊరికినే చంపుకోలేదు అబ్బయ్యా. రెండున్నర నెలలు. ఒక్క కార్డు ముక్క. ఎందుకు రాయలేదు? అదొక్కటి చెప్పు. యుద్ధంలో తపాలా ఆగిపోయింది, అంతేనా? ఆ మాట నీ నోటితో చెప్పు, ఊరు నీ కాళ్ల మీద పడి తప్పు ఒప్పుకుంటాది."

అందరూ అతని నోటి వంక చూశారు. రెబెక్కమ్మ చూసింది. ముసలమ్మ చూసింది. ఔనంటే చాలు. తపాలా ఆగిందంటే కాదనేవాడు ఈ సముద్రానికి ఇవతల ఎవడూ లేడు. తప్పంతా గంగులయ్య మీద పడుతుంది, పడవలసినంత పడుతుంది. పోలేరయ్య నోరు తెరిచాడు. ఇత్తడి గ్లాసు, పెట్టె అడుగున విప్పని రెండు కవర్లు, నేనేం తప్పు చేసినాను అన్న మాట గొంతులో అడ్డం పడ్డాయి. బిడ్డ అడ్డం తిరిగినట్టు.

నోరు మూసుకున్నాడు. లేచి నిలబడ్డాడు. గంగులయ్య గెడను చాచాడు. పోలేరయ్య దాన్ని అందుకోలేదు. గంగులయ్య వదిలేసిన గెడ తడి ఇసకలో గుచ్చుకుని, ఒక్క క్షణం నిలబడి, పక్కకు ఒరిగింది. ఎవరూ పట్టుకోలేదు.

"మీరు పూడ్చింది పూడ్చినట్టే ఉండనీండి. తవ్వబాకండి" అన్నాడు. "నాకు నీళ్లొద్దు. పేరొద్దు. వంతొద్దు. మస్తానయ్య చెయ్యి తాడు మీద ఉండింది, ముడి విప్పలేదు. మీ చేతులన్నీ అట్టాంటివే. నా చెయ్యి మీ చేతులకన్నా మంచిది కాదు. అంతకన్నా అడగబాకండి."

రెబెక్కమ్మకు మాత్రం దండం పెట్టాడు.

*

సెలవు ఇంకా పన్నెండు రోజులు ఉండగానే పోలేరయ్య కంపెనీకి తిరిగి వచ్చాడు. దారిలో బోగోల్లో దిగి మగ్దలీనమ్మకు కొడుకు క్షేమమని చెప్పాడు. ఆమె పెట్టిన అన్నం తిన్నాడు. ఇంట్లో అందరూ బాగున్నారా నాయనా అని ఆమె అడిగితే తల ఊపాడు.

మర్నాడు గుమాస్తా పిలిచాడు. ఆఫీసు నుంచి ఇంటికి పోయే ముప్పై రూపాయలు ఆపాలా, పంపాలా అని అడిగాడు. పెళ్లాం పేరు మీద ఉంది, ఇప్పుడేం చేద్దాం అన్నాడు.

"మా అమ్మ పేరు మీదికి మార్చండి."

"ఏమైనా రాయించుకుంటావా? ఇప్పుడు కింద ముక్క మీద రాయనిస్తున్నారు."

"ఏమీ లేదు."

నెలనెలా ఆ డబ్బు మొనకుప్పానికి పోయింది. ఆఫీసు ముద్ర, అచ్చు అక్షరాలు. కింద ముక్క ఖాళీ.

ఆ రోజు తాడు వేసి ఇచ్చిన కొలత దగ్గర హెబ్రోను పక్కకు వచ్చి నిలబడ్డాడు. నుదుటి మచ్చను తడుముకున్నాడు.

"పోలేరన్నా. ఆ రోజు నేను ఆ తమాషా చెయ్యకుండా ఉంటే..."

పోలేరయ్య పార ఆపాడు. అతని వంక చూశాడు. కోపం లేదు ఆ చూపులో. ఏమీ లేదు.

"ఆ మాట నా కాడ ఎత్తబాక. ఇయ్యాళ కాదు, రేపు కాదు, నేను చచ్చేదాకా కాదు. నేను ఎత్తను. నువ్వు ఎత్తబాక."

పార మళ్లీ నేల మీద పడింది. గట్టి నేల. ఎగిరి మోకాలికి తగిలింది. అతను నెత్తురు తుడుచుకోలేదు.